ఇంట్లో స్విచ్‌బోర్డు, ఎదురుచూపుకు కూలి: ఒక సంవాదం

అమెరికాలో వైద్యులు, న్యాయవాదులు, అంత్యక్రియలు జరిపించే సంస్థలు, ప్లంబర్లు, అద్దె ఇళ్ల నిర్వాహకులు తమ కార్యాలయం మూసి ఉన్న వేళల్లోనూ, చేతినిండా పని ఉన్న వేళల్లోనూ వచ్చే ఫోన్లను తమ పేరు మీదనే ఎత్తి, విషయం రాసుకొని, తొందర పని అయితే సంబంధిత వ్యక్తికి అప్పటికప్పుడు చేరవేసే బాధ్యతను రుసుము చెల్లించి మరొకరికి అప్పగిస్తారు. ఈ ఏర్పాటును టెలిఫోన్ ఆన్సరింగ్ సర్వీస్ అంటారు. తెలుగు పాఠకులకు బాగా పరిచయమైన కాల్ సెంటర్‌తో దీనికి చుట్టరికం ఉన్నా రెండూ ఒకటి కావు. కాల్ సెంటర్ ఉద్యోగి సాధారణంగా ఒకే బ్యాంకు తరఫునో ఒకే విమాన సంస్థ తరఫునో గంటల తరబడి మాట్లాడితే, ఆన్సరింగ్ సర్వీస్ ఆపరేటర్ ఒక నిమిషం పిల్లల వైద్యుడి తరఫున జ్వరం ఎంత ఉందో అడిగి, మరుసటి నిమిషం నీటి గొట్టం పగిలిన ఇంటివారి చిరునామా రాసుకొని, ఆ వెంటనే తండ్రి పోయాడని చెప్పే కుమారుడితో అంత్యక్రియల సంస్థ మనిషిగా మాట్లాడవలసి ఉంటుంది. ఫోన్ మోగిన క్షణంలోనే అది ఏ చందాదారుకు ఉద్దేశించినదో, ఏ పలకరింపుతో ఎత్తాలో, ఏయే ప్రశ్నలు అడగాలో, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యుడెవరో కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది కాబట్టి ఇన్ని పాత్రలు మార్చడం సాధ్యమవుతోంది. 1970ల నుంచి ఆన్సరింగ్ మెషిన్లు, ఆ తరువాత వాయిస్ మెయిల్ విస్తరించి మామూలు కబుర్లను తీసుకుపోగా, మనిషి గొంతు వినపడక తప్పని ఫోన్లే ఈ వృత్తికి ముఖ్యమైన ఆధారంగా మిగిలాయి.

ఆ మిగిలిన పనిని ఆపరేటర్ తన ఇంట్లో కూర్చొని చేయడం మేలా కాదా అన్నది ఈ సంవాదానికి విషయం. ఇక్కడి ఇద్దరిలో ఇంటిపనిని సమర్థించేవారు గృహవాది. ఆ ఏర్పాటులో ఆపరేటర్ నష్టపోతుందని వాదించేవారు శ్రమవాది. తాము ఆపరేటర్ పక్షానే మాట్లాడుతున్నామని ఇద్దరూ గట్టిగా నమ్మడం వల్ల, యజమానికీ కార్మికునికీ మధ్య జరిగే వాదం కన్నా ఇది కొంత పదునుగా సాగుతుంది.

గృహవాది: ఆపరేటర్ ఇంటి నుంచి పనిచేయడం కోవిడ్‌తో పుట్టిన పద్ధతి అనుకుంటే చరిత్రను వదిలేసినట్టే. అమెరికా పల్లెల్లో చిన్న చిన్న ఎక్స్ఛేంజీలు ఇళ్లలోనే నడిచేవి. మెయిన్ రాష్ట్రంలోని బ్రయంట్ పాండ్ అనే ఊళ్లో మాగ్నెటో ఫోన్లు, అంటే పిడి తిప్పితే లోపలి అయస్కాంతం పుట్టించే విద్యుత్తుతో అవతల గంట మోగే పాతకాలపు ఫోన్లు, 1983 అక్టోబరు దాకా వాడుకలో ఉన్నాయి. నాలుగు వందలకు పైబడిన ఆ ఊరి చందాదారులందరి తీగలూ వచ్చి చేరిన స్విచ్‌బోర్డు, ఆ కంపెనీని నడిపిన దంపతుల ఇంటి హాల్లో ఉండేది. అసలు ఆన్సరింగ్ సర్వీసుకు ఆఫీసు ఎందుకు వచ్చిందో గమనించాలి. పాత పద్ధతిలో వైద్యుడి ఫోన్ తీగకు ఎక్స్ఛేంజి దగ్గర ఒక కొమ్మ కలిపి ఆన్సరింగ్ సర్వీస్ బోర్డు దాకా లాగేవారు. దూరం పెరిగితే ఖర్చు పెరిగేది కనుక బోర్డు ఎక్స్ఛేంజికి దగ్గరలోనే ఉండవలసి వచ్చేది, తీగలు ఎక్కడ ముగిస్తే ఆపరేటర్ అక్కడ కూర్చోవలసి వచ్చేది. చందాదారు తన నంబరుకు వచ్చే ఫోన్లను మరో నంబరుకు మళ్లించే కాల్ ఫార్వర్డింగ్, ఒకే లైన్ల సమూహం మీద ఒక్కో చందాదారుకు ఒక్కో నంబరు కేటాయించే డైరెక్ట్ ఇన్‌వర్డ్ డయలింగ్ వచ్చాక ఆ నిర్బంధం పోయింది. ఆఫీసును కోరింది రాగి తీగే కాని పని కాదు.

శ్రమవాది: బ్రయంట్ పాండ్ ఉదాహరణ మీకు అనుకూలంగా కనిపిస్తుంది గాని, అక్కడ ఇల్లు ఎవరిదో చూడండి. బోర్డు ఉన్న ఇల్లు, బోర్డు తెచ్చే రాబడి రెండూ కంపెనీ నడిపినవారివి. రాత్రి గంట మోగితే లేచినవారికి ఆ గంట సొంత వ్యాపారం. నేటి ఇంటి ఆపరేటర్‌కు ఇల్లు మాత్రం సొంతం, రాబడి వేరొకరిది. పైగా మీరు చెప్పిన పల్లె ఎక్స్ఛేంజీల చరిత్రలో మరో సగం ఉంది. 1938లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం కనీస వేతనాన్ని గంటకు 25 సెంట్లుగా నిర్ణయించి న్యాయమైన శ్రమ ప్రమాణాల చట్టం చేసిన ఏడాదికే, 1939లో, 500 కన్నా తక్కువ ఫోన్లున్న ఎక్స్ఛేంజీల స్విచ్‌బోర్డు ఆపరేటర్లను ఆ చట్టం నుంచి తప్పించారు. తరువాత ఆ పరిమితి 750కి పెరిగింది, చిన్న స్వతంత్ర కంపెనీల విషయంలో నేటికీ చట్టంలో ఉంది. ఇంటి బోర్డు దగ్గర కూర్చున్న స్త్రీకి కనీస వేతనం వర్తించనక్కరలేదని నిర్ణయించిన చరిత్రను స్వేచ్ఛా చరిత్రగా ఎలా చదవాలి?

గృహవాది: ఆ మినహాయింపు చిన్న కంపెనీలను బతికించడానికి ఇచ్చినది, ఇంటిని శిక్షించడానికి కాదు.

శ్రమవాది: ఫలితం మోసినది మాత్రం ఆపరేటరే.

వాదం ఇక్కడ ఒక చట్ట సమస్య మీదికి మళ్లుతుంది కాబట్టి దానిని కొంత వివరించడం అవసరం. ఫోన్ మోగనంతసేపూ ఆపరేటర్ చేతిలో పని ఉండదు. ఆ ఖాళీ సమయం పని గంటల కిందికి వస్తుందా రాదా అన్నది సమస్య. 1944లో అమెరికా సుప్రీంకోర్టు, మాంసం కంపెనీలలో అగ్నిమాపక డ్యూటీ మీద రాత్రుళ్లు ఉండిపోయిన కార్మికుల విషయంలో ఇచ్చిన రెండు తీర్పులలో, స్కిడ్‌మోర్ కేసులోనూ ఆర్మర్ కేసులోనూ, నిద్రపోయినా డామినోలు ఆడుకున్నా సరే పిలుపుకు సిద్ధంగా ఉండడం కూడా కూలికి తగిన సేవ కావచ్చునని, అయితే అది ప్రతి సందర్భంలోని వాస్తవాలను బట్టి తేలాలని చెప్పింది. ఎదురుచూడడం కోసమే మనిషిని పెట్టుకుంటే ఆ సమయం పని. పని వచ్చేదాకా మనిషి తన ఇష్టానుసారం కాలం గడుపుకోగలిగితే అది పని కాదు. ఈ విభజనను కార్మిక శాఖ 1961 నాటి నిబంధనలలో ఉదాహరణలతో సహా పొందుపరచింది. వాటిలో 785.23 సంఖ్య గల నిబంధన ప్రత్యేకంగా ఈ సంవాదానికి చెందినది: యజమాని ఆవరణలో నివసించేవారు, ఇంటి దగ్గర పనిచేసేవారు అక్కడ ఉన్నంతసేపూ పనిచేస్తున్నట్టు కాదు కనుక, వాస్తవాలన్నిటినీ లెక్కలోకి తీసుకొని ఇరుపక్షాలు చేసుకునే సహేతుకమైన ఒప్పందాన్ని అంగీకరించవచ్చునని అది చెబుతుంది, చమురు బావి దగ్గర కాపురముండే పంపు మనిషితో పాటు, సొంత ఇంట్లో స్విచ్‌బోర్డు ఉన్న టెలిఫోన్ ఆపరేటర్‌ను కూడా అది ఉదాహరణగా పేర్కొంటుంది.

గృహవాది: ఆ నిబంధనలో తప్పేముంది? పల్లె ఆపరేటర్ బోర్డు పక్కనే వంట చేసుకుంది, బట్టలు ఆరేసుకుంది, పిల్లలకు అన్నం పెట్టింది. ఆ గంటలన్నిటికీ వేతనం ఇవ్వాలంటే ఆ ఊరికి ఫోనే ఉండేది కాదు. మెలకువగా ఉన్న గంటలకు ఒక లెక్క, పడుకున్న గంటలకు ఒక లెక్క అని మాట్లాడుకోవడం రెండు పక్షాలకూ న్యాయమే.

శ్రమవాది: తప్పు నిబంధనలో కన్నా దానిని నేటి పనికి అతికించడంలో ఉంది. నేటి ఆపరేటర్ హెడ్‌సెట్ తగిలించుకొని, తెర మీద తాను సిద్ధమని గుర్తు పెట్టిన తరువాత వంటగదిలోకి వెళ్లలేదు. ఫోన్ కొన్ని సెకన్లలో ఎత్తాలి. వెనుక కుక్కర్ కూత వినపడకూడదు, పసిపిల్ల ఏడుపు వినపడకూడదు. అవతలివారికి అది వైద్యుడి ఆఫీసు, ఆపరేటర్ ఇల్లు కాదు. పల్లె ఆపరేటర్ ఎదురుచూపులో జీవితం ఇమిడింది. ఈమె ఎదురుచూపులో ఏదీ ఇమడదు. ఇంకా లోతుకు వెళితే, ఆన్సరింగ్ సర్వీస్ అమ్మే సరుకు మాట కాదు, ఎదురుచూపే. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితవేత్త ఎ. కె. ఎర్లాంగ్ 1909లోనూ 1917లోనూ ప్రచురించిన పరిశోధనలు దీనిని నిరూపించాయి. ఒక ఆపరేటర్‌ను ఎడతెరిపి లేకుండా పట్టి ఉంచేంత భారాన్ని ఆయన పేరు మీద ఒక ఎర్లాంగ్ అంటారు. గంటకు 20 ఫోన్లు, ఒక్కొక్కటి సగటున 3 నిమిషాలు అనుకుంటే సరిగ్గా ఒక ఎర్లాంగ్ అవుతుంది. ఒక్కరినే పెడితే వరుస పెరుగుతూనే పోతుంది, ఎందుకంటే ఫోన్లు సమయం పంచుకొని రావు, గుంపులుగా వస్తాయి. ఇద్దరిని పెడితే ఆయన సూత్రం ప్రకారం ఫోన్ చేసిన ముగ్గురిలో ఒకరు ఆగవలసి వస్తుంది. ముగ్గురిని పెడితే పదకొండు మందిలో ఒకరు. అంటే గుండెనొప్పితో ఫోన్ చేసినవారికి వెంటనే జవాబు దొరకాలంటే, ముగ్గురు ఆపరేటర్లు గంటలో 20 నిమిషాలు మాట్లాడి 40 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఆ 40 నిమిషాలను సోమరితనంగా లెక్కించేవారికి ఈ వ్యాపారం అర్థం కాలేదన్నమాట. వైద్యుడు డబ్బు కట్టేది ఆ 40 నిమిషాల కోసమే.

గృహవాది: ఎర్లాంగ్ సూత్రాన్ని సగంలో ఆపేశారు. భారం పదింతలై గంటకు 200 ఫోన్లు వచ్చాయనుకుంటే అదే సూత్రం 30 మందిని అడగదు. 15 మంది ఉంటే చాలు, పది మందిలో ఒకరే ఆగవలసి వస్తుంది. అప్పుడు ఒక్కొక్కరూ 40 నిమిషాలు మాట్లాడి 20 నిమిషాలే ఖాళీగా ఉంటారు. పది ఊళ్లలో పది చిన్న ఆఫీసులు విడివిడిగా మోసే వృథాను, ఇళ్లలో ఉన్న ఆపరేటర్లందరినీ ఒకే వరుసకు కలిపితే నాలుగో వంతుకు తగ్గించవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఫోన్లు రోజంతా ఒకేలా రావు. సోమవారం ఉదయం వైద్యుల ఆఫీసులు తెరిచే వేళ వెల్లువ వస్తుంది. గడ్డకట్టే చలి రాత్రి ప్లంబర్ల లైన్లు మోగిపోతాయి. ఆ గంటన్నర వెల్లువ కోసం గంటసేపు కారు నడుపుకొని ఆఫీసుకు రావడానికి ఎవరూ ఇష్టపడరు. పక్క గదిలోకి నడిచి వెళ్లడానికి ఇష్టపడతారు. మంచాన పడ్డ తల్లిని చూసుకుంటున్న స్త్రీకీ, చక్రాల కుర్చీలో ఉన్న యువకుడికీ ఆ గంటన్నరే ఉద్యోగం. అమెరికాలో దుస్తులు, చేతి తొడుగులు, అల్లిక వంటి కొన్ని పరిశ్రమలలో ఇంటిపనిని 1940లలో నిషేధించినప్పుడు కూడా, వయసు వల్లనో వైకల్యం వల్లనో ఫ్యాక్టరీకి రాలేనివారికీ, ఇంట్లో రోగిని చూసుకోవలసినవారికీ ప్రత్యేక అనుమతి పత్రాలు ఇచ్చారు. ఇంటిపనిని అత్యంత కఠినంగా చూసిన చట్టమే వారికి తలుపు తెరిచి ఉంచింది.

శ్రమవాది: కలపడం వల్ల వచ్చిన పొదుపును ఇంటి ఖాతాలో రాయకండి, పెద్ద ఆఫీసులో 15 మందిని కలిపినా అదే పొదుపు వస్తుంది. ఇంకొకటి, 20 నిమిషాలు మాట్లాడిన మనిషి అదే గంట కూలికి ఇప్పుడు 40 నిమిషాలు మాట్లాడుతోంది. ఆమె గొంతు మీద భారం రెట్టింపైంది, పొదుపైన డబ్బు ఎటు పోయింది? ఇక ఇంటి వల్లనే సాధ్యమైనది మీరు మెచ్చుకున్న ఆ గంటన్నర షిఫ్టు. ఎదురుచూపు ఖర్చును తగ్గించడం వేరు, దానిని ఆపరేటర్ మీదికి నెట్టడం వేరు. తొమ్మిదింటికి గంటన్నర, ఒంటిగంటకు గంట, రాత్రి ఏడింటికి రెండు గంటలు అని పని ముక్కలైతే, ఆ ముక్కల మధ్య సమయం ఎదురుచూపు కాకుండా పోదు, కూలి లేని ఎదురుచూపు అవుతుంది అంతే. కొన్ని ఏర్పాట్లు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆపరేటర్‌ను ఉద్యోగిగా కాక స్వతంత్ర కాంట్రాక్టరుగా, అంటే సొంత వ్యాపారం చేసుకునే మనిషిగా కాగితం మీద చూపి, మాట్లాడిన నిమిషాలకు మాత్రమే డబ్బు ఇస్తాయి. వైద్యుడు కొన్న 40 నిమిషాలను ఆపరేటర్ ఉచితంగా సరఫరా చేస్తుందన్నమాట.

గృహవాది: నిమిషం లెక్క కాంట్రాక్టును ఇక్కడెవరూ సమర్థించడం లేదు. దానికి న్యాయస్థానాలే సమాధానం చెప్పాయి. డయల్‌అమెరికా మార్కెటింగ్ అనే న్యూజెర్సీ కంపెనీ, పేర్లున్న కార్డుల కట్టలు ఇళ్లకు ఇచ్చి, వారి ఫోన్ నంబర్లు వెతికించి, దొరికిన నంబరుకు ఇంత అని చెల్లించేది. ఆ ఇంటి పరిశోధకులు స్వతంత్ర కాంట్రాక్టర్లన్న కంపెనీ వాదనను 1985లో సమాఖ్య అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. పక్కన నిలబడి అజమాయిషీ చేసేవారు లేకపోవడం ఇంటిపనికి సహజమే కాని అది స్వాతంత్ర్యానికి రుజువు కాదని, పెట్టుబడీ లాభనష్టాల అవకాశమూ లేనివారు కంపెనీ పనిలో విడదీయరాని భాగమైనప్పుడు వారు ఉద్యోగులేనని తేల్చింది. రోగం కాంట్రాక్టులో ఉంది, ఇంట్లో లేదు. ఉద్యోగిగానే ఉంచి ఇంటికి పంపితే ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి ప్రయోగమే ఉంది. షాంఘైలో సీట్రిప్ అనే ప్రయాణ సంస్థ కాల్ సెంటర్‌లో 2010 చివర మొదలుపెట్టి తొమ్మిది నెలలు జరిపిన ప్రయోగంలో, 249 మందిలో ఇంటికి వెళ్లే అవకాశం లాటరీ పద్ధతిన దక్కినవారు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పనిచేశారు. వారి పనితీరు 13 శాతం పెరిగింది, ఉద్యోగం మానేసేవారి సంఖ్య సగానికి పడిపోయింది. ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు 2015లో ప్రచురించిన ఈ ఫలితాలలో యజమానికీ లాభం ఉంది, పనిచేసేవారి తృప్తీ ఉంది.

శ్రమవాది: ఆ 13 శాతాన్ని విడగొట్టి చూడండి. అందులో 9 శాతం ఒక్కో షిఫ్టులో ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్ల వచ్చింది: విరామాలు తగ్గాయి, అనారోగ్య సెలవులు తగ్గాయి. నిమిషానికి ఎక్కువ ఫోన్లు ఎత్తడం వల్ల వచ్చినది 4 శాతమే. ఇంట్లో మనిషి చురుకైందనడం కన్నా ఎక్కువసేపు కూర్చుందనడం సత్యానికి దగ్గర. జ్వరంతో ఆఫీసుకు వెళ్లలేని మనిషి జ్వరంతోనే ఇంటి బల్ల దగ్గర కూర్చోగలదు కదా. అంతేకాదు, అదే స్థాయి పనితీరు చూపినా ఇంటివారికి పదోన్నతి అవకాశం తగ్గింది. ప్రయోగం ముగిశాక ఇష్టమొచ్చిన చోట పనిచేయవచ్చునంటే, ఇంటి నుంచి పనిచేసినవారిలో సుమారు సగం మంది ఆఫీసుకే తిరిగి వెళ్లారు. వారు చెప్పిన ముఖ్యకారణం ఒంటరితనం.

గృహవాది: మిగిలిన సగం వెళ్లలేదు. ఎంపిక చేతిలో ఉండడమే ఇక్కడి వాదన, అందరినీ ఇంటికి తోలడం కాదు.

గోప్యత విషయానికి వచ్చేసరికి ఇద్దరి స్థానాలు కొంత తారుమారవుతాయి; సంవాదంలో ఇది విచిత్రమైన మలుపే. రోగి చెప్పినదంతా రాసుకునే ఆన్సరింగ్ సర్వీసును, 1996లో చేసిన హిప్పా అనే ఆరోగ్య సమాచార చట్టం వైద్యుడి వ్యాపార సహచరిగా చూస్తుంది. 2013 నాటి నియమాల తరువాత సమాచారం బయటికి పొక్కితే వైద్యుడితో పాటు ఆ సంస్థ కూడా నేరుగా బాధ్యత వహించాలి. ఆపరేటర్ చెవికి చేరే రహస్యాల మీద అమెరికన్లకు భయమూ కుతూహలమూ పాతవే. 1956లో బ్రాడ్‌వేలో ప్రదర్శించి, 1960లో సినిమాగా తీసిన ‘బెల్స్ ఆర్ రింగింగ్’ సంగీత నాటకంలో కథానాయిక ఆన్సరింగ్ సర్వీస్ ఆపరేటరే. చందాదారుల జీవితాలలో ఆమె అతిగా తలదూర్చడం, గుర్రప్పందేల జూదరులు ఆ సర్వీసును వాడుకోవడం, పోలీసులు అనుమానించడం ఆ కథకు ఇరుసు.

శ్రమవాది: ఇంటి ఆపరేటర్‌ను పెట్టుకునే సంస్థ విధించే షరతులు చూస్తే తలుపున్న ప్రత్యేక గది, కిటికీ వైపు తిరగని తెర, ఇంటివారు ఆ గదిలోకి రాకూడదన్న ఒప్పందం, తాళం వేసే అర ఉంటాయి. రోగి వైపు నుంచి ఇవన్నీ సబబే. కాని ఆ గది అద్దె ఎవరు కడతారు? రెండు గదుల అపార్ట్‌మెంటులో ముగ్గురు పిల్లలతో ఉన్న స్త్రీకి ఆ ఉద్యోగం లేదన్నమాటే. మీరు తలుపు తెరిచి ఉందన్న మనుషులకే ఆ తలుపు మూసుకుంటుంది. ఆ గదిలో కుర్చీ నడుము విరిచినా అడిగేవారు లేరు: కార్మికుల భద్రతను పర్యవేక్షించే సమాఖ్య సంస్థ ఓషా, ఇంటి ఆఫీసులను తనిఖీ చేయబోమని, వాటి విషయంలో యజమానులను బాధ్యులుగా చేయబోమని 2000 ఫిబ్రవరిలో ఆదేశమే జారీ చేసింది.

గృహవాది: ప్రభుత్వ తనిఖీదారు పడకగదిలోకి రాకూడదని కోరుకున్నది యజమానులే కాదు, ఇళ్లవారు కూడా. గది అద్దె గురించి మీరన్నది మాత్రం ఒప్పుకోవలసిందే; సంస్థ ఆఫీసు అద్దె మిగుల్చుకుంటున్నప్పుడు అందులో ఒక వాటా ఆ గదికి రావాలి.

శ్రమవాది: ఒప్పుకున్నందుకు సంతోషం. అయితే గోప్యత వల్ల పుట్టిన మరో వస్తువు ఆ గదిలో ఉంటుంది, కెమెరా. తెర మీద ఏముందో నమోదయ్యే సాఫ్ట్‌వేర్, కుర్చీ ఖాళీ అయిన సెకన్లు లెక్కపెట్టే ఏర్పాటు, అప్పుడప్పుడు వెబ్‌క్యామ్. ఆఫీసులో సూపర్‌వైజర్ వెనుక నుంచి వెళ్లినప్పుడే చూసేవారు.

గృహవాది: ఆ సెకన్ల లెక్కనే మీకు అనుకూలమైన సాక్ష్యంగా వాడుకోవాలి. తెలంగాణలో నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో ఇళ్ల దగ్గర బీడీలు చుట్టే స్త్రీల సంగతి తీసుకోండి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో పనిచేసేవారిని కూడా కార్మికులుగానే గుర్తించగలిగిందంటే, వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కపెట్టగలిగిన సరుకు ఉండబట్టే కదా. ఎదురుచూపును అలా కట్టలు కట్టి బేరీజు వేయలేరు కాబట్టే పల్లె ఆపరేటర్ నష్టపోయింది. ఇప్పుడు లాగిన్ అయిన క్షణం, ఫోన్ ఎత్తిన క్షణం, ఖాళీగా ఉన్న ప్రతి క్షణం నమోదవుతున్నాయి. ఎదురుచూపును కొలవడం ఇంత తేలిక ఇదివరకు ఎప్పుడూ కాలేదు. కొలవగలిగినదానికి కూలి అడగవచ్చు.

శ్రమవాది: బీడీ పోలికను నిలబెట్టాలంటే పూర్తిగా చెప్పాలి. గంప తీసుకెళ్లిన స్త్రీ బీడీలలో నాసివని కొన్నిటిని తీసేసి కూలి కోసేవారన్నది ఆ ప్రాంతాల్లో పాత ఫిర్యాదే. లెక్క ఉండడం వేరు, లెక్కపెట్టే చెయ్యి ఎవరిదన్నది వేరు. ఇక్కడ సెకన్ల పట్టిక సంస్థ సర్వర్‌లో ఉంటుంది. ఆపరేటర్‌కు ఇచ్చే జీతపు చీటీలో మాట్లాడిన నిమిషాలు ఉంటాయి, సిద్ధంగా ఉన్న నిమిషాలు ఉండవు. చట్టం ఎటు ఉందంటే, ఇంటి శ్రామికులను మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను అమెరికా ఆమోదించలేదు, భారతదేశమూ ఆమోదించలేదు. భారతదేశంలో టెలికాం శాఖ కాల్ సెంటర్లు ఇంటి నుంచి పనిచేయించడానికి పెట్టిన అడ్డంకులను కోవిడ్ కాలంలో సడలించి, 2020 నవంబరులోనూ 2021 జూన్‌లోనూ ఇచ్చిన కొత్త మార్గదర్శకాలతో దాదాపు తొలగించింది. ఆ మార్గదర్శకాలు నెట్‌వర్కుల గురించి, కంపెనీల వ్యాపార సౌలభ్యం గురించి ఆలోచించాయి. హైదరాబాదులో అర్ధరాత్రి హెడ్‌సెట్‌తో కూర్చున్న అమ్మాయి ఎదురుచూపు గురించి వాటిలో చోటు లేదు.

గృహవాది: చోటు కల్పించలేమా? కాలిఫోర్నియాలో షిఫ్టుకు వచ్చిన మనిషిని పని లేదని తిప్పి పంపితే, ఆ రోజు షిఫ్టులో సగం జీతం, రెండు గంటలకు తగ్గకుండా నాలుగు గంటలకు మించకుండా, చెల్లించాలన్న నియమం ఉంది. ఒక దుస్తుల దుకాణం తన ఉద్యోగులను షిఫ్టుకు రెండు గంటల ముందు ఫోన్ చేసి రావాలో వద్దో కనుక్కోమని ఆదేశించినప్పుడు, అలా ఫోన్ చేయడం కూడా పనికి హాజరైనట్టేనని, దేహంతో గుమ్మం దాటనక్కరలేదని అక్కడి అప్పీలు కోర్టు 2019లో తీర్పు చెప్పింది. ఫోన్ చేయడమే హాజరైతే, ఇంటి నుంచి లాగిన్ కావడం హాజరు కాదని ఎవరనగలరు? చట్టం ఇంటి దాకా నడిచి రాగలదనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

శ్రమవాది: నడిచి వచ్చింది, ఒక రాష్ట్రంలోకి. ఆపరేటర్ కూర్చున్న రాష్ట్రపు చట్టం వర్తిస్తుంది కనుక సంస్థ చేయవలసిందల్లా ఆ రాష్ట్రంలో ఎవరినీ తీసుకోకపోవడం. ఇంటిపని ప్రకటనలలో ఫలానా రాష్ట్రాలవారు దరఖాస్తు చేయనక్కరలేదన్న వాక్యం కొత్తేమీ కాదు. రాగి తీగ ఉన్న కాలంలో న్యూయార్క్ వైద్యుడి ఫోన్ ఎత్తే మనిషి న్యూయార్క్‌లోనే ఉండాలి, అక్కడి చట్టం కిందే ఉండాలి. తీగ పోవడం ఆపరేటర్‌ను ఆఫీసు నుంచి విడిపించిందని మీరంటున్నారు. యజమానిని చట్టం నుంచి కూడా విడిపించింది.

గృహవాది: అయితే నియమం సమాఖ్య స్థాయిలో ఉండాలి. లాగిన్ అయి సిద్ధంగా ఉన్న ప్రతి నిమిషానికి పూర్తి కూలి. జీతపు చీటీలో ఆ నిమిషాలు విడిగా కనిపించాలి. ఒకసారి లాగిన్ చేయించాక ఫోన్లు తగ్గాయని మధ్యలో పంపేసినా కనీసం రెండు గంటల కూలి. సొంత ఇంటి స్విచ్‌బోర్డు గురించిన 785.23 నిబంధనను ఇలాంటి లాగిన్ సమయానికి వర్తింపజేయరాదని స్పష్టం చేస్తే సరిపోతుంది.

శ్రమవాది: మొదటి రెండింటికీ, చివరిదానికీ అభ్యంతరం లేదు. రెండు గంటల కనీసం మాత్రం కుదరదు. కనీసం రెండు గంటలని రాస్తే, ఆ మరునాటి నుంచి షిఫ్టులన్నీ రెండు గంటలవే అవుతాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ వారానికి ప్రకటించిన మొత్తం గంటలలో సగానికి కూలి హామీగా ఉండాలి.

గృహవాది: సగం వారం హామీ ఇవ్వగలిగేది వందల ఆపరేటర్లున్న సంస్థలే. పల్లెలో పదిహేను మంది వైద్యులకు జవాబు చెప్పే చిన్న సర్వీసు అది మోయలేదు, మూతపడుతుంది. అప్పుడు ఆ తల్లిని చూసుకుంటున్న స్త్రీకి రెండు గంటలూ ఉండవు.

శ్రమవాది: 1939లో 500 ఫోన్ల ఎక్స్ఛేంజీల యజమానులు చెప్పిన మాట కూడా ఇదే.